చెన్నైలో వాన, వరద, ఉప్పు నీళ్లు: ఇంటి నీళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో సొంతిల్లో ఫ్లాటో ఉన్నవాళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాల బాధ్యత మోస్తున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవే ఇక్కడ ఉన్నాయి. కొలతలు సుమారు వెయ్యి చదరపు అడుగుల మేడను దృష్టిలో పెట్టుకుని ఇచ్చాం. మీ మేడ పెద్దదైతే ఆ లెక్కన పెంచుకోండి.

డిసెంబరులో మునిగిన ఊళ్లో మే నెలకల్లా నీళ్ల లారీల కోసం ఎదురుచూపులు ఎందుకు?

చెన్నైకి వాన తక్కువేం కాదు. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు పడుతుంది. హైదరాబాదుకు పడేది 800 చిల్లర. తేడా ఎక్కడంటే, ఇక్కడ అందులో దాదాపు 60 శాతం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య రుతుపవనాల్లోనే పడిపోతుంది. అదీ రోజూ కొంచెం కొంచెంగా కాదు, ఒక్కో వాయుగుండానికి ఒక్కో కుంభవృష్టి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందుకే కురిసే రోజులు పెరగకపోయినా, కురిసినప్పుడు పడే జోరు పెరుగుతోంది. 2015 డిసెంబరు 1, 2 తేదీల్లో తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన పడింది. అప్పటికే నిండిన చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలితే అడయారు నది ఒడ్డు మునిగింది. 2019 జూన్‌కు అదే చెరువు ఎండి నెర్రెలు విచ్చింది. ఆ జూలైలో జోలార్‌పేట నుంచి ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్ల చొప్పున నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ నిండితే 11.257 టీఎంసీలు. ఊరు రోజుకు 1,000 మిలియన్ లీటర్లు వాడుకుంటే ఒక టీఎంసీ 28 రోజులకు సరిపోతుంది. అంటే ఆవిరిని పక్కన పెట్టినా నాలుగు చెరువులూ కలిపి పదిన్నర నెలల నీళ్లు. ఒక్క ఈశాన్యం తప్పిందంటే మరుసటి ఎండాకాలానికి నిల్వ ఉండదు. ఇంకో పెద్ద చెరువు తవ్వడానికి చోటు దొరకడమూ తేలిక కాదు. మిగిలిన గిడ్డంగి మీ ఇంటి కింద నేలే. ఈ పేజీలో సగం దాని గురించే.

మన కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా?

వస్తున్నాయి, కానీ భరోసా పెట్టుకునేంత కాదు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తే, దారిలో పోయేది 3 తీసేసి సరిహద్దులో 12 టీఎంసీలు అందాలన్నది తెలుగుగంగ ఒప్పందం. 1996లో మొదటిసారి నీళ్లు చేరాయి. శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి, అక్కణ్ణుంచి 152 కిలోమీటర్ల కాలువలో ఊత్తుకోట దగ్గరి జీరో పాయింటుకు (తమిళనాడు సరిహద్దు), ఇంకో 25 కిలోమీటర్లు నడిచి పూండికి చేరాలి. శ్రీశైలంలో నీళ్లుంటేనే ఇదంతా. చాలా ఏళ్లు 12 కంటే బాగా తక్కువే వచ్చాయి. పైన కరువైతే ఇక్కడా కరువే.

సముద్రపు నీటిని శుద్ధి చేసే ప్లాంట్లు ఉన్నాక ఈ తంటాలు దేనికి?

మింజూరులో 2010 నుంచి, నెమ్మేలిలో 2013 నుంచి రోజుకు 100 మిలియన్ లీటర్ల చొప్పున, 2024లో నెమ్మేలిలోనే మరో 150 మిలియన్ లీటర్ల ప్లాంటు వచ్చాయి. వానతో పని లేకుండా వచ్చే నీళ్లు ఇవే కాబట్టి వాటి విలువ వాటిదే. కానీ వెయ్యి లీటర్లకు మూడు, నాలుగు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. పైప్‌లైను చేరని వీధికి ఆ నీళ్లూ చేరవు. కోయంబేడు, కొడుంగైయూరుల్లో మురుగునీటిని ఆర్వో దాకా శుద్ధి చేసి పరిశ్రమలకు ఇస్తున్నారు. ఒక్కోచోట రోజుకు 45 మిలియన్ లీటర్లు. ఫ్యాక్టరీలు దానితో సరిపెట్టుకుంటే ఆ మేరకు మంచినీళ్లు ఇళ్లకు మిగులుతాయి. మా దృష్టిలో కొత్త సముద్రపు ప్లాంటు కంటే ముందు విస్తరించాల్సింది ఇదే.

మా మేడ మీద పడే వానతో నిజంగా ఎంత ఒరుగుతుంది?

వెయ్యి చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వానకు 93 లీటర్లు. 1,400 మిల్లీమీటర్లకు లెక్కగట్టి, చిమ్మిపోయేది, ఆవిరయ్యేది 15 శాతం తీసేస్తే ఏడాదికి 1 లక్షా 10 వేల లీటర్లు. 9,000 లీటర్ల లారీలు పన్నెండు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురున్న ఇంటికి ఏడాదికి 1 లక్షా 97 వేల లీటర్లు కావాలి. సగం పైన మేడే ఇస్తుందన్నమాట.

ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు ఈ లెక్క వర్తించదు. 4,000 చదరపు అడుగుల మేడకు 4 లక్షల 40 వేల లీటర్లు వస్తే, వాడకం 39 లక్షలు దాటుతుంది. పదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. వాననీటితో లారీలు బందవుతాయని చెప్పే కాంట్రాక్టరును నమ్మకండి. అపార్ట్‌మెంట్లలో వాననీరు బోరు ఉప్పెక్కకుండా కాపాడుతుంది. లారీల సంఖ్య తగ్గేది ఫ్లాటు ఫ్లాటుకూ నీటి మీటరు పెడితేనే.

వాననీటిని ఇంకించడం 2003లోనే అందరికీ తప్పనిసరి చేశారు, మాకూ ఇంకుడు గుంత ఉంది. ఇంకేం చేయాలి?

మూత తీసి చూడాలి. తమిళనాడు చట్టం వల్ల ఊరంతా గుంతలు వచ్చిన మాట నిజమే. అందులో చాలావాటిలో ఇప్పుడు నీళ్లు ఇంకవు. చూస్తే కనిపించేవి ఇవి.

గుంత అడుగున జానెడు మందాన నల్లటి మెత్తని ఒండు. మేడ దుమ్ము, ఆకులు, పావురాల రెట్ట కుళ్లి పొరకట్టినది. ఈ పొర పలుచగా ఉన్నా చాలు, నీరు దిగదు. పారతో తీసేసి, కింద అసలు ఇసుక కనిపించేదాకా గీకాలి.

గుంత నిండా కంకర. ఇది అందరూ చేసే పొరపాటు. కంకర పోస్తే గుంతలో నీటికి మిగిలేది మూడో వంతు చోటే. పైగా రాళ్ల సందుల్లో ఒండు చేరితే శుభ్రం చేయడానికి మొత్తం తోడిపోయాలి. అడుగున ఒక అడుగు మందం రాళ్లు చాలు, నీటి ధార నేలను కోయకుండా. మిగతాదంతా ఖాళీగా ఉండాలి.

వాన పైపు గుంతలోకి కాక డ్రైనేజీ చాంబర్‌లోకి వెళ్లడం. రిపేరు చేసిన ప్లంబరు దగ్గర్లో ఉన్నదానికి కలిపేస్తాడు. వీధి మొత్తం ఇలా చేస్తే పెద్ద వానకు మురుగు లైను మోయలేదు. మ్యాన్‌హోల్ పొంగి, కింది అంతస్తు బాత్‌రూముల్లోంచి తన్నుకొస్తుంది. మేడ మీద ఒక బకెట్టు నీళ్లు పోసి, ఎక్కడ చప్పుడవుతుందో వినండి. రెండు నిమిషాల పని.

మేడ మీద బట్టలుతకడం. సబ్బు నీళ్లు కూడా అదే పైపులో గుంతకు పోతాయి. ఉతికే చోటుకు విడిగా గట్టు కట్టి మురుగు లైనుకు కలపాలి.

ఇవన్నీ సరిచేశాక, సెప్టెంబరులో ట్యాంకు నుంచి వెయ్యి లీటర్లు గుంతలోకి వదిలి, కర్ర మీద గంటగంటకూ మట్టం గీతలు పెట్టండి. ఒక రోజులో ఖాళీ అయితే గుంత బతికున్నట్టే. నవంబరులో ఈ పరీక్ష చెల్లదు. అప్పటికి చాలా వీధుల్లో భూగర్భ జలమే పైకి వచ్చేసి ఉంటుంది, గుంత నిండుగా కనిపిస్తుంది. అది లోపం కాదు.

మా నేల ఎలాంటిదో ఎలా తెలుసుకోవాలి?

బీసెంట్ నగర్, తిరువాన్మియూరు, మైలాపూరు వైపు ఇసుక. గిండీ, వేళచ్చేరి, ఆదంబాక్కం వైపు కొన్ని అడుగుల కిందే బండ. పడమటి పేటల్లో చాలాచోట్ల బంకమట్టి. కానీ రెండు వీధుల తేడాలోనే నేల మారిపోతుంది. అడుగు వెడల్పు, రెండు అడుగుల లోతు గొయ్యి తీసి నీళ్లు నింపి, అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటలో ఎంత దిగిందో చూడండి. అరచేతి వెడల్పు కంటే ఎక్కువ దిగితే మామూలు గుంత పనిచేస్తుంది. ఒక అంగుళం కూడా దిగకపోతే బంకమట్టి. అప్పుడు గుంత అడుగు నుంచి 4 లేదా 6 అంగుళాల చిల్లుల పీవీసీ పైపును కింది ఇసుక పొర దాకా దించాలి. పైపు మూతి గుంత అడుగుకు రెండు అడుగుల ఎత్తులో, జాలీ చుట్టి ఉండాలి. అడుగుకు సమంగా పెడితే ఒండు నేరుగా పైపులోకి దిగి రెండేళ్లలో మూసుకుపోతుంది.

కొత్తగా తవ్విస్తే కొలతలేంటి?

వెయ్యి చదరపు అడుగుల మేడకు 3 అడుగుల సిమెంటు వరలతో 15 అడుగుల లోతు. దాదాపు 3,000 లీటర్లు పడుతుంది. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ మేడ నుంచి వచ్చేవి సుమారు 4,000 లీటర్లు. ఇసుక నేలలో తేడా కురుస్తుండగానే ఇంకిపోతుంది. బంకమట్టి అయితే రెండు గుంతలు వేయండి. మేడ నుంచి 4 అంగుళాల పైపులు కనీసం రెండు ఉండాలి, ఒక్కటి జోరువానను మోయలేదు. గుంతకు ముందు రెండు అడుగుల ఘనపు చాంబరు, అందులో జాలీ. ఒండు అక్కడే ఆగితే గుంత శుభ్రం చేయాల్సిన పని బాగా తగ్గుతుంది. మూతకు అడుగు కింద ఒక పొర్లు పైపు, వీధిలో వాన కాలువకు. మురుగు చాంబరుకు, సెప్టిక్ ట్యాంకుకు ఎంత దూరమైతే అంత మంచిది. ఇరుకు స్థలంలోనూ 10 అడుగులు తగ్గొద్దు.

తొలి వాన నీళ్లు పారబోయాలంటారు, ఎంత?

సంపులో పట్టుకునేవాళ్లకే ఇది ముఖ్యం. తొలి అర మిల్లీమీటరు, అంటే ఈ మేడకు 50 లీటర్లు. 6 అంగుళాల పైపు మీటరుకు సుమారు 18 లీటర్లు పడుతుంది కాబట్టి, నిలువుగా 9 అడుగుల పైపు పెట్టి, కింద మరమూత బిగిస్తే సరి. మూతకు పెన్సిల్ మందం చిల్లు ఉంచండి, వానకూ వానకూ మధ్య దానంతట అదే ఖాళీ అవుతుంది. ఆ చిల్లు మూసుకుపోతే పాత మురికి నీళ్లే లోపల కూర్చుంటాయి. నెలకోసారి సన్నని తీగతో పొడవాలి.

బోర్లోకి నేరుగా వదిలేస్తే త్వరగా ఫలితం ఉంటుందటగా?

వద్దు. నేల పొరలు చేసే వడపోతను దాటేసి మేడ మీది రెట్టను 200 అడుగుల లోతుకు పంపినట్టవుతుంది. ఒకసారి చెడిన బోరును కడగడం కష్టం. బోరుకు కొంచెం ఎడంగా గుంత తవ్వి ఇంకనివ్వండి.

వాడకుండా పడున్న పాత బావిని పూడ్చేద్దామా?

పూడ్చకండి. ఇంట్లో ఉన్న అన్ని ఏర్పాట్లలోకీ అదే విలువైనది. వడపోత చాంబరు దాటించి మేడ నీళ్లను అందులోకి వదలండి. మూతగా ఇనుప జాలీ, దోమల కోసం నైలాన్ వల. తాడుకు రాయి కట్టి నెలకోసారి మట్టం కొలిచి గోడ మీద రాస్తే, ఏ మీటరూ చెప్పని సంగతి తెలుస్తుంది.

మా బోరు నీళ్లు రెండేళ్లుగా ఉప్పెక్కుతున్నాయి. ఇంకా లోతుకు వేయమంటున్నారు. వేయాలా?

సముద్రానికి మూడు, నాలుగు కిలోమీటర్ల లోపు ఉంటే అస్సలు వద్దు. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు కాబట్టి, నేలలో మంచినీళ్లు ఉప్పునీటి మీద తేలుతుంటాయి. సముద్ర మట్టానికి ఒక అడుగు పైన మంచినీళ్లు నిలిస్తే, కింద దాదాపు 40 అడుగుల మందాన మంచినీళ్లు ఉంటాయి. మట్టం అడుగు పడిపోతే కింది ఉప్పు మెల్లగా 40 అడుగులు పైకి జరుగుతుంది. సముద్రం పెరిగే కొద్దీ ఈ లెక్క మనకు ఎదురు తిరుగుతుంది. లోతుగా తవ్వడమంటే ఉప్పును వెతుక్కుంటూ వెళ్లడమే. ఉత్తరాన మింజూరు ప్రాంతంలో అతిగా తోడటం వల్ల ఉప్పు కిలోమీటర్ల దూరం లోపలికి వచ్చేసింది.

చేయాల్సింది: మోటారును ఒకేసారి రెండు గంటలు నడపకుండా అరగంట చొప్పున, మధ్యలో మూడు గంటలు ఆపి నడపండి. జోరుగా లాగినప్పుడు బోరు కింద ఉప్పు కుప్పలా ఎగదన్నుకొస్తుంది, ఆపితే దిగుతుంది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో నెలకోసారి రీడింగు రాయండి. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా ప్రమాణాలు ఒప్పుకుంటాయి. మేలో 600 ఉన్నది మరుసటి మేలో 1,200 అయిందంటే తోడకం తగ్గించాల్సిందే. వాననీటిని ఇంకించడం మొదలుపెట్టిన ఏడాదే మార్పు కనిపించకపోవచ్చు. పక్కింటివాళ్లు కూడా తోడుతుంటారు కాబట్టి వీధి మొత్తం కలిసొస్తేనే అంకె దిగుతుంది.

తుపాను హెచ్చరిక వచ్చింది. నీళ్ల విషయంలో ఆ రోజు ఏం చేయాలి?

సంపు, పైట్యాంకు రెండూ నింపేయండి. కరెంటు రెండు మూడు రోజులు పోతే మోటారు తిరగదు. పైగా ఖాళీ ప్లాస్టిక్ సంపు భూమిలోని నీటి ఒత్తిడికి పైకి తేలి పైపులు విరిగిపోతాయి. మేడ మీది జాలీల్లో ఆకులు తీయండి. తాగేందుకు మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన మూడు రోజులవి విడిగా పెట్టండి.

ముందే చేసి ఉండాల్సినవి వేరే. సంపు మూత 2015లోనో 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానప్పుడో నీళ్లు నిలిచిన గీతకు అడుగు పైన ఉండాలి, చుట్టూ రబ్బరు పట్టీ ఉండాలి. సంపు పొర్లు పైపుకు నాన్ రిటర్న్ వాల్వు లేకపోతే వీధి నీరు అందులోంచే వెనక్కి వస్తుంది. మూతను ఎంత బిగించినా లాభం లేని ఇళ్లలో అసలు దోషి ఇదే. మురుగు లైనుకు కూడా అలాంటిదే, చివరి చాంబరు దగ్గర. మోటారు స్విచ్చు బోర్డు మొదటి అంతస్తు మెట్ల దగ్గరికి మార్చండి.

సంపులోకి వరద నీరు వచ్చేసింది. ఎలా శుద్ధి చేయాలి?

మొదట కరెంటు మెయిన్ ఆపండి. నీళ్లు పైనుంచి మోటారుతో తోడేయండి. పెట్రోలు పంపును ఎప్పుడూ సంపు లోపలికి దించవద్దు. మనిషి దిగేముందు మూతలన్నీ తెరిచి, ఫ్యాను పెట్టి గంటైనా గాలాడనివ్వాలి. పైన ఒకరు కావలి ఉండాలి. ఊపిరాడక ప్రాణాలు పోయేది ఇక్కడే.

గోడలు బ్రష్షుతో రుద్ది కడిగి, మంచినీళ్లు నింపండి. ప్రతి వెయ్యి లీటర్లకు 170 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు ప్లాస్టిక్ బకెట్లో కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట మాత్రమే పోయండి. అడుగున మిగిలే సున్నం వద్దు. మోటారు వేసి పైట్యాంకుకు ఎక్కించి, ప్రతి కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. 12 గంటలు అలాగే ఉంచి మొత్తం వదిలేయండి, మొక్కలకు గానీ ఇంకుడు గుంతకు గానీ కాదు, మురుగు లైనుకు. మళ్లీ నింపాక వెయ్యి లీటర్లకు 3 గ్రాములు వేసి అరగంట ఆగి వాడుకోండి. బ్లీచింగ్‌తో యాసిడ్ మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది. తెరిచి ఏడాదైన ప్యాకెట్టులో సారం పోయి ఉంటుంది.

బావికీ అదే మోతాదు. 4 అడుగుల బావిలో 10 అడుగుల నీరుంటే 3,500 లీటర్లు, 600 గ్రాములు. అయితే వరద తీసిన వెంటనే బావిని పూర్తిగా తోడేయకండి. చుట్టూ నేల నీటితో ఉబ్బి ఉంటుంది, లోపల ఖాళీ అయితే వరలు లోపలికి కూలతాయి. వారం పది రోజులు ఆగి కొంచెం కొంచెంగా తోడాలి. చివరగా నీటిలో మలపు క్రిములు ఉన్నాయేమో చెప్పే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష చేయండి. ఒకటి రెండు రోజుల్లో నీరు నల్లబడితే మలినం ఇంకా ఉన్నట్టే.

లారీ నీళ్లు మంచివో కాదో ఎలా తెలుస్తుంది?

టీడీఎస్ మీటరు ఉప్పునే చెబుతుంది, క్రిములను చెప్పదు. 300 చూపించిన నీళ్లలో మురుగు కలిసి ఉండొచ్చు. లారీ పైపు సంపులో పెట్టకముందే గాజు గ్లాసులో పట్టి వెలుగుకు చూడండి, వాసన చూడండి, క్లోరిన్ కిట్టుతో రంగు చూడండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. ఊరి నీటి సంస్థ మెట్రో వాటర్ లారీలో సాధారణంగా ఉంటుంది, ప్రైవేటు లారీలో చాలాసార్లు ఉండదు. అప్పుడు మీరే వేసుకోవాలి. ఇంకోటి: వీధి పైపుకు నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లుంటారు. అది చట్టవిరుద్ధం అన్నది అలా ఉంచి, పైపులో ఒత్తిడి పడిపోయి పక్కనున్న మురుగు పగుళ్లలోంచి లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీరు మొదట వచ్చేది మోటారు పెట్టినవాళ్ల సంపులోకే.

అపార్ట్‌మెంట్‌లో వాడకం తగ్గించడానికి ఏది మొదట చేయాలి?

ఫ్లాటు ఫ్లాటుకూ మీటరు. చదరపు అడుగుల లెక్కన బిల్లు వేసినంతకాలం ఎవరూ కుళాయి కట్టరు. పాత భవనాల్లో వంటింటికొకటి, బాత్‌రూములకు వేరే లైన్లు ఉండటంతో ఒక్కో ఫ్లాటుకు మూడు, నాలుగు మీటర్లు కావాలి. అదే గొడవ అవుతుంది. కుదరకపోతే కనీసం లైనుకొక మీటరు పెట్టి ఏ వరుస ఎక్కువ తాగుతోందో చూడండి. కుళాయిలకు ఏరేటర్లు (ధారలో గాలి కలిపే జాలీ మూతులు) బిగిస్తే నిమిషానికి 12 లీటర్లు పోయేచోట 4, 5తో సరిపోతుంది. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కలు నీలిమందు వేసి అరగంట వాడకుండా ఉంచండి. కమోడ్‌లో నీలం కనిపిస్తే వాల్వు కారుతోంది. ఈ కారడం చప్పుడు చేయదు, రోజుకు వందల లీటర్లు తీసుకుపోతుంది.

స్నానం నీళ్లు మొక్కలకు పోయొచ్చా?

పోయొచ్చు, మెట్ట తామర, అరటి ఉన్న మడిలోకి. ఆకుకూరలకు వద్దు. వంటింటి జిడ్డు కలపొద్దు. ఒక రోజు కంటే నిల్వ ఉంచితే కంపు కొడుతుంది.

ఏసీ నుంచి కారే నీళ్లు?

చెన్నై ఉక్కలో రోజుకు బకెట్టుకు తక్కువ కాకుండా వస్తాయి. ఇల్లు తుడవడానికి, ఫ్లష్‌కు బాగుంటాయి. తాగడానికి పనికిరావు. ఇన్వర్టరు బ్యాటరీలోనూ పోయకండి, కాయిల్ మీది లోహం, దుమ్ము అందులో కలిసి ఉంటాయి.